కంటి కదలికల చికిత్స: మనసుకు తగిలిన దెబ్బకు ఎంతవరకు పనిచేస్తుంది?



రోడ్డు ప్రమాదంలో కాలు విరిగి వచ్చిన పేషెంటుకు ఆపరేషన్ జరుగుతుంది. కుట్లు విప్పుతాము, కట్టు మారుస్తాము, కర్ర పట్టించి నడిపిస్తాము, డిశ్చార్జి చీటీ చేతికిచ్చి పంపిస్తాము. రెండు మూడు నెలలకు అదే మనిషి మళ్లీ ఓ.పి.కి వస్తాడు. ఈసారి కాలు గురించి కాదు. నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉంటోందని, ఉన్నట్టుండి చెమటలు పోస్తున్నాయని చెబుతాడు. ఇ.సి.జి. తీస్తే బాగానే ఉంటుంది. బి.పి., షుగరు కూడా బాగానే ఉంటాయి. "రిపోర్టులన్నీ నార్మల్" అనగానే ఇంటివారి ముఖాలు తేటపడతాయి. పేషెంటు ముఖం మాత్రం అలాగే ఉంటుంది.

ఇటువంటి వారి కొరకు కంటి కదలికలతో చేసే ఒక చికిత్స ఉన్నదని ఈ మధ్య చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. హైదరాబాదులోనో, విదేశాల్లోనో ఉన్న పిల్లలు ఫోనులో చెప్పారని కొందరు, ఎవరో రాసిన చీటీ పట్టుకుని కొందరు వస్తున్నారు. "కళ్ల ముందు వేళ్లు ఆడిస్తే మనసులోని భయం పోతుందా సిస్టర్? ఇది హిప్నాటిజమా? డబ్బులు పెట్టి వెళ్లవచ్చా?" అని అడుగుతున్నారు. ఇవి న్యాయమైన ప్రశ్నలు. మేము నర్సులము, ఈ చికిత్స చేసేవారము కాము. మా ఆసుపత్రిలో ఈ చికిత్స లేదు కూడా. కావలసినవారిని పట్టణానికి పంపుతున్నాము. పంపేముందు దీనిని గూర్చి తెలిసినంత మీకు చెప్పడం మా బాధ్యత.

ఈ జబ్బు ఏమిటి?

ప్రాణం పోతుందనిపించిన సంఘటన ఒకటి జరిగిన తరువాత కొందరిలో ఆ సంఘటన ముగిసిపోదు. ప్రమాదం, అగ్ని, తుఫాను, దాడి, లైంగిక హింస, కళ్లెదుట దగ్గరివారు చనిపోవడం ఇందుకు కారణాలు కావచ్చు. ఈ స్థితిని వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. క్లుప్తంగా పి.టి.ఎస్.డి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ఈ పేరును తన జబ్బుల పట్టికలో చేర్చింది. జబ్బు మాత్రం పాతదే.

దీని లక్షణాలు ముఖ్యంగా నాలుగు రకాలు. ఒకటి, జరిగినది మళ్లీ మళ్లీ కళ్ల ముందుకు రావడం, పీడకలలు. జ్ఞాపకం వచ్చినట్టు కాక, మళ్లీ జరుగుతున్నట్టే ఉంటుంది. రెండు, దానిని గుర్తుచేసే చోట్లను, మనుషులను, మాటలను తప్పించుకు తిరగడం. మూడు, "అంతా నా వల్లే జరిగింది," "ఇక ఎవరినీ నమ్మలేను" వంటి ఆలోచనలు, దేనిమీదా సంతోషం లేకపోవడం. నాలుగు, ఎప్పుడూ ఉలికిపడుతూ ఉండటం, చిన్నదానికే కోపం, నిద్రలేమి. ఇవి ఒక నెలకు మించి ఉండి, పనిని, సంసారాన్ని దెబ్బతీస్తుంటే వైద్యుని చూడవలెను.

భయంకర సంఘటన జరిగిన ప్రతివారికీ ఈ జబ్బు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం మనుషుల్లో సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి సంఘటనను ఎదుర్కొంటారు. వారిలో 5.6 శాతం మందికి మాత్రమే పి.టి.ఎస్.డి. వస్తుంది. వచ్చినవారిలో కూడా 40 శాతం వరకు ఒక సంవత్సరంలోపు కోలుకుంటారు. కనుక మొదటి వారాల్లో నిద్ర పట్టకపోతే జబ్బు వచ్చేసిందని బెంగపడనక్కరలేదు. అయితే నెలలు గడిచినా తగ్గనివారిని "కాలమే మాన్పుతుంది" అని వదిలివేయకూడదు.

మన ఇళ్లలో దీనిని ఏమంటారు?

మన పల్లెల్లో పి.టి.ఎస్.డి. అనే మాట ఎవరూ అనరు. "దడుచుకున్నాడు" అంటారు. "గాలి సోకింది" అంటారు. "బెంగ పెట్టుకుంది" అంటారు. మగవారైతే "తాగుడుకు అలవాటు పడ్డాడు" అనే మాటతో సరిపెడతారు. నిద్ర కోసం తాగడం మొదలుపెట్టాడన్న సంగతి వెనకబడిపోతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు. ఆనాటివారిలో గాలి హోరు వినిపిస్తే ఈనాటికీ పడుకోలేక తలుపు దగ్గర కూర్చునే పెద్దవారు ఉన్నారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద విరుచుకుపడిన హుద్‌హుద్ తరువాత, 2020 మే 7న అదే నగరంలో స్టైరీన్ వాయువు లీకైన తరువాత కూడా ఎందరో ఇటువంటి రాత్రులు గడిపారు. ఇవి పిరికితనం కాదు. మెదడు తనను కాపాడుకోవడానికి మోగించిన గంట ఆగకుండా మోగుతూనే ఉండటం.

విశ్వాసం తక్కువైనందువల్లనే ఇలా జరుగుతోందని కొందరు కుటుంబాలవారు పేషెంటు ముందే అంటుంటారు. దయచేసి అలా అనవద్దు. షుగరు వచ్చినవారిని మనం అలా అనము కదా. ప్రార్థన చేసుకునేవారు చేసుకుంటూనే చికిత్స తీసుకోవచ్చు. రెండింటికీ పోటీ లేదు.

ఈ చికిత్స ఎలా వచ్చింది?

దీని పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. అందరూ ఇ.ఎం.డి.ఆర్. అంటారు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఫ్రాన్సీన్ షపీరో దీనిని రూపొందించారు. 1987లో ఆమె ఒక పార్కులో నడుస్తుండగా, తనను బాధపెడుతున్న ఆలోచనలు వచ్చినప్పుడు కళ్లు అటూ ఇటూ వేగంగా కదులుతున్నాయని, ఆ తరువాత ఆ ఆలోచనల బాధ తగ్గుతోందని గమనించారట. దానిని ఇతరులపై పరీక్షించి 22 మందితో చేసిన తన మొదటి అధ్యయనాన్ని 1989లో ప్రచురించారు. ఆమె 2019లో చనిపోయారు.

మొదట్లో చాలామంది నిపుణులు దీనిని నమ్మలేదు. వేళ్లు ఆడించి మనసును బాగుచేయడమేమిటని నవ్వినవారూ ఉన్నారు. ఆ అనుమానం మంచిదే అయింది. దానివల్లనే ఈ చికిత్సను పదే పదే పరీక్షకు పెట్టారు.

గదిలో ఏమి జరుగుతుంది?

ఇది హిప్నాటిజం కాదు. పేషెంటు పూర్తి మెలకువతో ఉంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యెత్తి ఆపమనవచ్చు. మందు లేదు, సూది లేదు, కరెంటు పెట్టడం లేదు. ఒక్కో సిటింగు సాధారణంగా గంట నుండి గంటన్నర వరకు ఉంటుంది. మొత్తం ఎనిమిది దశలుగా సాగుతుంది.

మొదటి దశలో జరిగినదంతా, ఆరోగ్య చరిత్ర అంతా తెలుసుకుంటారు. రెండవ దశలో పేషెంటును సిద్ధం చేస్తారు. భయం మరీ ఎక్కువైతే మనసును నిలబెట్టుకునే పద్ధతులు నేర్పుతారు. ఈ రెండు దశలకే కొందరికి రెండు మూడు సిటింగులు పడతాయి. "వెళ్లిన రోజే వేళ్లు ఆడించలేదు, డబ్బులు వృథా" అని నిరాశపడవద్దు. పునాది తవ్వకుండా గోడ లేపే మేస్త్రీని మనం నమ్ముతామా?

మూడవ దశలో ఒక సంఘటనను ఎంచుకుంటారు. అందులో అన్నిటికంటే బాధపెట్టే దృశ్యం ఏది, దానితోపాటు తన గురించి తనకు కలిగే చెడ్డ మాట ఏది, దానికి బదులు ఏ మాట నమ్మాలని ఉంది, ఒంట్లో ఎక్కడ బిగుసుకుపోతోంది అని అడుగుతారు. బాధ ఎంత ఉన్నదో 0 నుండి 10 వరకు అంకె చెప్పమంటారు. మంచి మాటను ఎంత నమ్మగలుగుతున్నారో 1 నుండి 7 వరకు చెప్పమంటారు. మేము వార్డులో నొప్పికి అంకె అడగడం లాంటిదే ఇది.

నాలుగవ దశ అసలు పని. పేషెంటు ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుని, ఎదుట కూర్చున్న థెరపిస్టు వేళ్లను తల కదపకుండా కళ్లతో వెంబడిస్తారు. వేళ్లు ఎడమకూ కుడికీ సుమారు అర నిమిషం కదులుతాయి. ఆ తరువాత ఆపి, ఊపిరి పీల్చుకోమని, "ఇప్పుడేమి వచ్చింది?" అని అడుగుతారు. ఏది వస్తే దానితోనే మళ్లీ మొదలుపెడతారు. ఒక దృశ్యం, ఒక వాసన, కోపం, ఏడుపు, ఎప్పటిదో ఒక పాత జ్ఞాపకం, ఏదైనా రావచ్చు. జరిగినదంతా వివరంగా నోటితో చెప్పనక్కరలేదు. మన ఆడవారికి, ముఖ్యంగా లైంగిక హింసకు గురైనవారికి, ఇది పెద్ద ఊరట. కంటి కదలికలు వీలుకానివారికి చేతులపై ఎడమ కుడిగా తట్టడం, చెవుల్లో మార్చి మార్చి శబ్దం వినిపించడం కూడా చేస్తారు.

బాధ అంకె 0కో, దాని దగ్గరకో దిగిన తరువాత ఐదవ దశలో మంచి మాటను మనసులో నిలుపుతారు. ఆరవ దశలో తల నుండి కాలి వరకు ఒంట్లో ఇంకా ఎక్కడైనా బిగువు మిగిలిందా అని చూస్తారు. ఏడవ దశ ముగింపు. పని సగంలో ఉన్నా సరే, పేషెంటును స్థిమితపరచే ఇంటికి పంపాలి. ఎనిమిదవ దశ తరువాతి సిటింగులో జరుగుతుంది. పోయినసారి చేసినది నిలిచిందా లేదా అని మళ్లీ చూస్తారు.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

పెద్దవారి పి.టి.ఎస్.డి.కి ఈ చికిత్స మేలు చేస్తుందని అనేక అధ్యయనాలు చూపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పి.టి.ఎస్.డి. ఉన్న పెద్దవారికి సూచించదగిన చికిత్సల్లో ఇ.ఎం.డి.ఆర్.ను చేర్చింది. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి సలహాలిచ్చే నైస్ అనే సంస్థ 2018లో, యుద్ధంతో సంబంధం లేని సంఘటన జరిగి మూడు నెలలు దాటినా లక్షణాలు తగ్గని పెద్దవారికి దీనిని ఇవ్వవచ్చని చెప్పింది. అమెరికాలో మాజీ సైనికుల వైద్యం చూసే శాఖ, రక్షణ శాఖ కలిసి 2023లో ఇచ్చిన సలహాల్లో కూడా ఇది ఉన్నది.

2007లో అమెరికాలో వాన్ డర్ కోక్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 88 మంది పేషెంట్లను మూడు గుంపులుగా చేసి చూశారు. ఒక గుంపుకు ఇ.ఎం.డి.ఆర్., ఒక గుంపుకు ఫ్లూఆక్సిటిన్ అనే మాత్ర, ఒక గుంపుకు మందు లేని ఉత్త మాత్ర ఎనిమిది వారాలు ఇచ్చారు. ఆరు నెలల తరువాత చూస్తే, పెద్దయ్యాక దెబ్బ తగిలి ఇ.ఎం.డి.ఆర్. తీసుకున్నవారిలో 75 శాతం మందికి లక్షణాలు పోయాయి. చిన్ననాడే దెబ్బ తగిలినవారిలో ఇది 33 శాతమే. ఫ్లూఆక్సిటిన్ గుంపులో అలా పూర్తిగా బాగుపడినవారు ఎవరూ లేరు. ఇది చిన్న అధ్యయనమే. అయినా ఒక ముఖ్యమైన సంగతి చెబుతోంది. ఒక ప్రమాదం వల్ల కలిగిన జబ్బుకూ, చిన్నతనం నుండి ఏళ్ల తరబడి పడిన హింస వల్ల కలిగిన జబ్బుకూ ఒకే కాలవ్యవధి సరిపోదు. రెండవదానికి ఎక్కువ ఓపిక కావాలి.

ధనిక దేశాల్లోని మంచి గదుల్లోనే ఇది పనిచేస్తుందా అనే అనుమానం రావచ్చు. సిరియా యుద్ధం నుండి పారిపోయి, టర్కీ సరిహద్దులోని కిలిస్ శిబిరంలో ఉంటున్న శరణార్థులపై చేసిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. 37 మందికి ఇ.ఎం.డి.ఆర్. చేశారు. 33 మందిని వంతు కోసం వేచి ఉండమన్నారు. చికిత్స పొందినవారిలో లక్షణాలు బాగా తగ్గాయి. కొన్ని వారాల తరువాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. ఇల్లూ వాకిలీ పోయి, రేపేమిటో తెలియని మనుషుల్లో కూడా మేలు కనిపించిందన్నమాట.

మరి అనుమానాలు?

మంచిమాటలే చెప్పి ఊరుకుంటే మీకు అన్యాయం చేసినవారమవుతాము. 2013లో కాక్రేన్ అనే సంస్థ 70 అధ్యయనాలను, వాటిలోని 4,761 మంది పేషెంట్లను కలిపి పరిశీలించింది. ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారికంటే ఇ.ఎం.డి.ఆర్. తీసుకున్నవారు మెరుగయ్యారు. అయితే సంఘటనపైనే మనసు పెట్టి మాట్లాడించే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా అంతే మేలు చేసింది. రెండింటికీ తేడా కనిపించలేదు. పైగా ఆ అధ్యయనాల నాణ్యత చాలా తక్కువగా ఉందని పరిశీలించినవారే రాశారు. 2020లో కాయ్‌పర్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 76 అధ్యయనాలను చూసి ఇంచుమించు అదే అన్నారు. పి.టి.ఎస్.డి.కి ఇది కొద్దికాలం వరకు మేలు చేయవచ్చునని, కానీ గట్టిగా తీర్పు చెప్పడానికి అధ్యయనాల నాణ్యత చాలదని తేల్చారు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం కూడా 2017లో మాట్లాడించే చికిత్సలు కొన్నింటిని గట్టిగా సిఫారసు చేసి, దీనిని మాత్రం కొంచెం మెత్తగా సిఫారసు చేసింది.

ఇక అసలు ప్రశ్న. మేలు చేస్తున్నది కంటి కదలికలేనా? లేక భయపెట్టే జ్ఞాపకాన్ని భద్రమైన చోట, నమ్మకమైన మనిషి ఎదుట తలుచుకోవడమేనా? ఇందులో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. 2001లో 34 అధ్యయనాలను కలిపి చూసినవారు కంటి కదలికలు అవసరమే లేదన్నారు. 2013లో 26 అధ్యయనాలను కలిపి చూసినవారు వాటివల్ల అదనపు మేలు ఉందన్నారు. 2016లో జర్మనీలో 139 మంది పేషెంట్లతో చేసిన అధ్యయనంలో కదిలే చేతిని చూసినవారు, కదలని చేతిని చూసినవారు సమానంగా బాగుపడ్డారు. ఏమీ చూడకుండా జ్ఞాపకం చేసుకున్నవారికంటే ఈ ఇద్దరూ మెరుగు.

దీనికి కొందరు శాస్త్రజ్ఞులు చెప్పే వివరణ మాకు సులువుగా అర్థమైంది. చంకలో బిడ్డ, నెత్తిన బిందె ఉన్న ఆమె చేతికి ఇంకో బరువు ఇస్తే ఏదో ఒకటి జారుతుంది. మనసుకు కూడా ఒక్కసారి మోయగలిగినది కొంతే. జ్ఞాపకాన్ని మోస్తూనే కళ్లతో వేళ్లను వెంబడించవలసి వస్తే ఆ జ్ఞాపకానికి దొరికే చోటు తగ్గుతుంది. దాని పదును మొద్దుబారుతుంది. అలా మొద్దుబారిన రూపంలోనే అది తిరిగి మనసులో సర్దుకుంటుందని వారి అభిప్రాయం. దక్షిణ కొరియాలో ఎలుకలపై చేసి 2019లో ప్రచురించిన పరిశోధనలో, అటూ ఇటూ కదిలే వెలుగు చూపినప్పుడు భయాన్ని అణచే మెదడు మార్గం ఒకటి పనిచేయడం కనిపించింది. ఎలుకల్లో కనిపించినదంతా మనిషికి వర్తిస్తుందని మాత్రం చెప్పలేము.

మేము చూసిన ఇద్దరు

గుర్తుపట్టడానికి వీలులేకుండా వివరాలు మార్చి, వారి అనుమతితో ఇది రాస్తున్నాము. నలభై దాటిన ఒక లారీ డ్రైవరు అన్నకు ప్రమాదంలో తొడ ఎముక విరిగింది. పక్కన కూర్చున్న క్లీనరు కుర్రవాడు అక్కడికక్కడే చనిపోయాడు. కాలు అతుక్కుంది. కానీ అన్న లారీ మెట్టు మీద కాలు పెట్టలేకపోయాడు. డీజిలు వాసన వస్తే వాంతి. "ఆ పిల్లాడిని నేనే చంపాను" అనే మాట ఒక్కటే. ఫైనాన్సు వాయిదాలు ఆగిపోయాయి. ఇంట్లో వారు రాత్రికి నిద్రమాత్ర వేసి, పగలు పనికి పంపితే అన్నీ సర్దుకుంటాయనుకున్నారు. నిద్రమాత్ర మత్తుతో స్టీరింగు పట్టడం ఎంత ప్రమాదమో మేము భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పవలసి వచ్చింది.

మా దగ్గరకు వచ్చే మానసిక వైద్యుల సలహాపై ఆయన పట్టణం వెళ్లారు. భార్య ప్రతిసారీ తోడు వెళ్లింది. ఆమెకు ఆ రోజు కూలి పోయేది. ఎనిమిది సిటింగులు జరిగాయి. మూడవదాని తరువాత వారం రోజులు కలలు ఎక్కువై, ఇక వెళ్లనన్నారు. ఇలా జరగవచ్చని ముందే చెప్పి ఉన్నందున ఆమె నచ్చజెప్పి తీసుకువెళ్లింది. చివరికి ఆయన మాతో అన్నది ఇది: "పిల్లాడు గుర్తొస్తాడు సిస్టర్. కానీ గొంతు పట్టుకోవడం లేదు." ఆయన మళ్లీ లారీ ఎక్కలేదు. ఊళ్లో ఆటో నడుపుతున్నారు. వాయిదాలు ఇంకా ఉన్నాయి. ఆ క్లీనరు తల్లిని చూడటానికి వెళ్లి వచ్చారు. ఇది పూర్తి విజయమా అని అడిగితే మేము చెప్పలేము. ఆ ఇంట్లో అందరూ రాత్రిపూట నిద్రపోతున్నారు.

రెండవ ఆమెకు గ్యాసు స్టౌ మంటల్లో చేతులు, మెడ కాలాయి. రెండు సిటింగుల తరువాత ఈ చికిత్స తనకు పడలేదని మానేశారు. వేళ్లను చూస్తుంటే తల తిరిగినట్టుందన్నారు. ఆమెకు వైద్యులు మాత్రలు ఇచ్చి, మాట్లాడించే చికిత్స చేయించారు. పొయ్యి వెలిగించడం కొద్దికొద్దిగా మొదలుపెట్టించారు. ఆరు నెలల్లో వంట తానే చేసుకోగలిగారు. ఒక దారి పడకపోతే ఇంకో దారి ఉందని ఆమెను చూసినప్పుడల్లా మాకు ధైర్యంగా ఉంటుంది.

ఎవరు జాగ్రత్తపడాలి?

ఈ చికిత్స ప్రమాదకరం కాదు కానీ తేలికైనదీ కాదు. సిటింగు తరువాత ఒకటి రెండు రోజులు కలలు, ఏడుపు, అలసట ఎక్కువ కావచ్చు. ఆ రోజు వాహనం నడపకుండా, ఎవరైనా తోడు ఉండటం మంచిది. చనిపోవాలనే ఆలోచనలు ఉన్నవారు, మూర్ఛవ్యాధి ఉన్నవారు, తీవ్రమైన మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు, కంటి ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, తాగుడు మానలేనివారు ఈ సంగతులు ముందుగానే చెప్పాలి. ఇంట్లో కొట్టడం ఇంకా జరుగుతూనే ఉన్న స్త్రీకి మొదట కావలసినది భద్రత. ఇల్లు తగలబడుతుండగా కాలిన చేతికి మందు రాస్తూ కూర్చోము కదా.

మందుల విషయం కూడా చెప్పాలి. సెర్ట్రలిన్, పెరాక్సిటిన్ వంటి మాత్రలు పి.టి.ఎస్.డి.కి వాడతారు. వాటిని వైద్యుడు చెప్పకుండా ఆపకూడదు. ఈ చికిత్సకు వెళ్తున్నామని ఆపడం అసలే వద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఆల్‌ప్రజోలమ్ వంటి నిద్రమాత్రలు ఈ జబ్బును తగ్గించవు. వాటికి అలవాటు పడటం మాత్రం సులువు.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

మొదట మానసిక వైద్యుని చూసి జబ్బు ఇదేనా అని తేల్చుకోవలెను. థైరాయిడు, రక్తహీనత వంటి వాటివల్ల కూడా గుండె దడ వస్తుంది. థెరపిస్టును నాలుగు ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడవద్దు. మీ చదువు ఏమిటి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్నదా? ఇ.ఎం.డి.ఆర్.లో ప్రత్యేక శిక్షణ ఎక్కడ పొందారు? ఎన్ని సిటింగులు పట్టవచ్చు, ఒక్కోదానికి ఎంత? ఎన్ని సిటింగులకు మేలు కనబడకపోతే వేరే దారి చూస్తారు? ఒక్క సంఘటన వల్ల వచ్చిన జబ్బుకు సాధారణంగా ఆరు నుండి పన్నెండు సిటింగులు చాలుతాయి. "ఒక్క సిటింగులో నయం, గ్యారంటీ" అనేవారి దగ్గరకు వెళ్లవద్దు. ఫోనులో వీడియో పెట్టుకుని చుక్కను చూస్తూ సొంతంగా చేసుకోవడం కూడా వద్దు. జ్ఞాపకం తలుపు తెరవడం తేలికే. మూసేవారు పక్కన ఉండాలి.

దగ్గరలో ఈ చికిత్స దొరకకపోతే సంఘటనపై మాట్లాడించే ఇతర చికిత్సలు ఇంతే మేలు చేస్తాయని పైన చెప్పాము. పేరు కోసం అప్పుచేసి దూరం పోనక్కరలేదు. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, చాలా ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని మానసిక విభాగాలు తక్కువ ఖర్చుతో చూస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. మీ పాలసీ కాగితం తెచ్చి చూపిస్తే అందులో ఏముందో చదివి చెబుతాము.

ఇంటివారు చేయవలసినది

సంఘటన జరిగిన మొదటి రోజుల్లో "ఏం జరిగిందో మొత్తం చెప్పు" అని అందరిముందూ బలవంతంగా చెప్పించవద్దు. పరామర్శకు వచ్చిన ప్రతివారికీ మొదటి నుండి చెప్పించడం మన అలవాటు. అది పేషెంటుకు మేలు చేయదు. తిండి, నిద్ర, పక్కన ఒక మనిషి, డబ్బు సంగతి చూసే ఒక పెద్దదిక్కు ఉంటే మొదట చాలు. చెప్పాలనుకుంటే వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి. "మగాడివి, ఏడుస్తావేమిటి," "మర్చిపో" అనే మాటలు పక్కన పెట్టండి. మర్చిపోవడం తన చేతిలో ఉంటే ఎప్పుడో మర్చిపోయి ఉండేవాడు. వెనకనుండి ముట్టుకోకుండా, పేరు పెట్టి పిలిచి ముందుకు రండి. నెల దాటినా తగ్గకపోతే, చనిపోతాననే మాట ఒక్కసారి అన్నా, ఆలస్యం చేయకుండా తీసుకురండి.

చివరగా మేము చెప్పేది ఇది. కంటి కదలికల చికిత్స మంత్రం కాదు, మోసమూ కాదు. పి.టి.ఎస్.డి. ఉన్న పెద్దవారిలో చాలామందికి ఉపయోగపడే చికిత్సల్లో అది ఒకటి. శిక్షణ పొందినవారి చేతిలో, సరైన మనిషికి, సరైన సమయంలో చేస్తే ఉపయోగపడుతుంది. అందరికీ పడదు. పడనివారికి వేరే చికిత్సలున్నాయి.

డిశ్చార్జి అయి వెళ్లిన మీ ఇంటి మనిషి రాత్రిళ్లు లేచి కూర్చుంటుంటే, పాత ఓ.పి. చీటీ పట్టుకుని రండి. రిజిస్ట్రేషను కౌంటరులో "గాయం మానింది కానీ నిద్ర లేదు" అని చెబితే చాలు, మా సిస్టర్లలో ఒకరు వచ్చి పక్కగదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు.